విడుదలైన రాత్రి ఎక్కడ తల దాచుకోవాలి?

క్రిస్మస్ దగ్గరపడుతుందంటే మన సంఘాల నుంచి జైళ్లకు వెళ్లే బృందాలు అనుమతుల కోసం దరఖాస్తులు పెట్టడం మొదలవుతుంది. చంచల్‌గూడ, చర్లపల్లి, రాజమండ్రి, నెల్లూరు, కడప, విశాఖ అడవివరం, ఎక్కడి జైలుకైనా ఎవరో ఒకరు పండ్లు, కేకులు, కొత్త నిబంధన ప్రతులు పట్టుకుని వెళ్తారు. పాటలు పాడతారు, వాక్యం చెబుతారు, ఖైదీల తలల మీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఇది మంచి పరిచర్య. మత్తయి 25వ అధ్యాయంలో ప్రభువు తనను ఎవరెవరితో ఒకటిగా చెప్పుకున్నాడో ఆ వరుసలో చెరసాలలో ఉన్నవాడు కూడా ఉన్నాడు. అయితే అదే వరుసలో ఇంకొకడు ఉన్నాడు. ఇల్లు లేక వచ్చిన పరదేశి. చెరసాలలో మనం చూసి వచ్చిన మనిషే ఆరు నెలల తర్వాత బయటికి వచ్చి, వెళ్లడానికి చోటు లేక వీధిలో నిలబడితే, ఆ రెండో మాట కూడా అతని గురించే అవుతుంది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం మనకు బాగా తెలిసిందే. పేతురు చెరసాలలో ఉన్నాడు. సంఘం మార్కు తల్లియైన మరియ ఇంట్లో కూడి అతని కోసం ఆసక్తితో ప్రార్థిస్తోంది. దేవదూత సంకెళ్లు ఊడదీశాడు, ఇనుప గవిని దానంతట అదే తెరుచుకుంది. ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. దాని తర్వాతి నాలుగు వచనాల మీద మాత్రం ప్రసంగాలు తక్కువ. విడుదలైన పేతురు తిన్నగా ఆ ఇంటికే వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తీయకుండానే లోపలికి పరుగెత్తింది. ప్రార్థిస్తున్నవాళ్లు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు, పేతురు దూత అయి ఉంటాడన్నారు. పేతురు తడుతూనే ఉన్నాడు. చెరసాల ఇనుప తలుపు తెరుచుకున్నంత తేలికగా ప్రార్థన చేసే ఇంటి తలుపు తెరుచుకోలేదు.

ఈ వారం మేము రాయదలచింది ఆ రెండో తలుపు గురించి. జైలు నుంచి వచ్చిన మనిషి మళ్లీ బతుకు కట్టుకోవాలంటే మొదటి కొన్ని వారాల్లో అతనికి ఏం కావాలి, అందులో నిరాశ్రయుల వసతి కేంద్రం, మన వాడుకలో నైట్ షెల్టర్, ఏం చేయగలదు, దాని పక్కన సంఘం ఎక్కడ నిలబడాలి అన్నది వివరించాలని మా ప్రయత్నం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. జైలు నుంచి వచ్చినవాడు అనగానే శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన నేరస్థుడు అనుకుంటాం. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్నవారు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. కొందరి మీద ఎప్పటికీ రుజువు కాదు. బెయిలు వచ్చి, లేదా కేసు కొట్టేయగా బయటికి వచ్చినవారు కూడా ఇరుగుపొరుగు దృష్టిలో "జైలుకెళ్లి వచ్చినవాళ్లే". ఊళ్లో ఆ మాటకు అప్పీలు లేదు.

ఇక విడుదల రోజు. కోర్టు ఉత్తర్వు జైలుకు చేరి, రిజిస్టర్లతో సరిచూసి, సంతకాలు అయ్యేసరికి తరచూ సాయంత్రమవుతుంది. చేతికి వచ్చేది అరెస్టు రోజు దాచిపెట్టిన వస్తువులు, పని చేసి ఉంటే కొద్దిపాటి కూలి డబ్బు, ఒక కాగితం. కుటుంబం వచ్చి గేటు దగ్గర నిలబడితే కథ వేరు. రాకపోతే? సొంత ఊరు రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చినప్పుడు అక్కడి ఖైదీలను చర్లపల్లి తదితర జైళ్లకు తరలించారు. ఆసుపత్రి అవసరమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ములాఖత్‌కు ఆటోలో వచ్చి వెళ్లే తల్లి, ఆ తర్వాత బస్సు చార్జీలు లెక్కవేసుకుని రావాల్సి వచ్చిందన్నది కూడా నిజం. ములాఖత్‌లు తగ్గితే బంధం పలుచనవుతుంది. బంధం పలుచనైతే విడుదల రోజు గేటు దగ్గర ఎవరూ ఉండరు.

అలాంటి మనిషి ఆ రాత్రి బస్టాండులోనో రైల్వే స్టేషను ముందరో పడుకుంటాడు. అర్ధరాత్రి గస్తీ పోలీసు లేపి ఎక్కడినుంచి వచ్చావని అడుగుతాడు. నిజం చెబితే ఒక ఇబ్బంది, అబద్ధం చెబితే మరొకటి. ఉదయానికి సంచి పోయి ఉండవచ్చు, ఆ సంచిలోనే కోర్టు కాగితం ఉండవచ్చు. పాత సావాసగాళ్లు మాత్రం ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తారు. వాళ్లకు అతని గతం అడ్డం కాదు, పైగా అదే అర్హత. మనిషి మళ్లీ పాత దారి పడితే "మారలేదు" అంటాం. ఆ మొదటి రాత్రి అతనికి ఎన్ని దారులు ఉన్నాయో లెక్కపెట్టి చూస్తే ఆ మాట అంత తేలికగా నోటికి రాదు.

నైట్ షెల్టరు అక్కరకు వచ్చేది ఇక్కడే. చాలామంది దాన్ని బిచ్చగాళ్లను చలికాలంలో పడుకోబెట్టే షెడ్డు అనుకుంటారు. అది దయాదాక్షిణ్యాల మీద నడిచేది కాదు, హక్కు మీద నిలిచింది. 2010 జనవరిలో ఢిల్లీ చలిలో వీధుల్లో ఉన్నవారి దుస్థితి సుప్రీంకోర్టు దృష్టికి వచ్చాక, నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయ కేంద్రాలు ఉండాలని న్యాయస్థానం ఆదేశించింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద మార్గదర్శకాలు వచ్చాయి. లక్ష జనాభాకు కనీసం 100 మందికి చోటు ఉండాలి, ఒక్కో కేంద్రం 50 నుంచి 100 మందికి సరిపడాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగుల స్థలం, నీళ్లు, మరుగుదొడ్డి, వంటకు వీలు, సామాను దాచుకునే పెట్టె ఉండాలి అన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో ఈ కేంద్రాల పని మునిసిపాలిటీలు, మెప్మా చూస్తూ వచ్చాయి. చాలాచోట్ల నడిపే బాధ్యత స్వచ్ఛంద సంస్థలది. నిబంధనల్లో ఉన్నవన్నీ ప్రతి కేంద్రంలోనూ ఉంటాయని మేము చెప్పడం లేదు. కిటికీ లేని గదుల్లో నడిచేవీ ఉన్నాయి, ఇంటికంటే శుభ్రంగా ఉన్నవీ ఉన్నాయి. అదంతా నడిపేవాళ్లను బట్టి ఉంటుంది.

మంచం, దుప్పటి, భోజనం కంటికి కనిపిస్తాయి. వాటికంటే విలువైనది షెల్టరు ఇచ్చేది ఒకటుంది. అది చిరునామా.

చిరునామా ఉన్నవాళ్లకు దాని విలువ తెలియదు. ఒక తాపీ పనివాణ్ని ఊహించుకుందాం. రెండేళ్లు లోపల ఉన్నాడు. అద్దె గది ఎప్పుడో పోయింది. అందులోని సామానుతో పాటు రేషను కార్డు, ఆధార్ కార్డు కూడా పోయాయి. ఫోను పోలీసు స్టేషనులో ఉంది, లేదా లేదు. మూడు నెలలు రీచార్జి లేని సిమ్ము నంబరును కంపెనీ ఆపేస్తుంది, కొన్నాళ్లకు అదే నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఇప్పుడు ఆధార్ తీసుకోవాలంటే పాత నంబరుకు ఓటీపీ వస్తుంది, అది ఎవరి ఫోనుకో చేరుతుంది. కొత్త సిమ్ము కావాలంటే ఆధార్ అడుగుతారు. బ్యాంకు ఖాతా ఉంటే అందులో డబ్బు ఉండవచ్చు, తీయడానికి మళ్లీ ఆ రెండూ కావాలి. పనిలో చేర్చుకునే కాంట్రాక్టరు ఫోను నంబరు అడుగుతాడు. గది అద్దెకిచ్చే ఇంటి ఓనరు ఆధార్ జిరాక్సు అడుగుతాడు. ఒక ముడి విప్పాలంటే మరో ముడి ముందు విప్పాలి, దాని కొస మొదటి ముడిలో ఉంటుంది.

ఈ ముడి విప్పడానికి దారులు ఉన్నాయి. అవి తెలిసిన మనిషి పక్కన ఉండాలి, అంతే. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప ఆధారంగా పాత నంబరును రాబట్టవచ్చు. సిమెంటు పనిలో వేళ్లు అరిగిపోయినవారికి కంటిపాపే గతి. చిరునామా మార్చుకోవడానికి గుర్తింపు పొందిన వసతి గృహం నిర్వాహకుడు నిర్ణీత నమూనాలో ఫొటోతో ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆధార్ సంస్థ అంగీకరిస్తుంది. అసలు ఆధారే లేనివారికి జైల్లో ఉండగానే జైలు అధికారి ధ్రువీకరణతో నమోదు చేయించే వీలు కల్పించారు. బ్యాంకులో సరైన పత్రాలు లేకపోయినా ఫొటో, సంతకంతో "చిన్న ఖాతా" తెరవవచ్చు. దానిలో నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు, నెలకు 10,000 రూపాయలకు మించి తీయకూడదు, పన్నెండు నెలల్లోగా పత్రాలకు దరఖాస్తు చేసుకున్నట్టు చూపించాలి. కూలి డబ్బు పరుపు కింద పెట్టుకునే అవసరం తప్పించడానికి అది చాలు.

ఓటు సంగతి ఇంకా ఆసక్తికరం. ఇల్లు లేనివారు ఓటరుగా నమోదు కావడానికి చిరునామా పత్రం చూపనక్కర్లేదు. దరఖాస్తులో రాసిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నాడో లేదో బూత్ స్థాయి అధికారి రాత్రివేళ వచ్చి, ఒకటికి మించి రాత్రులు చూసి నిర్ధారించుకోవాలన్నది ఎన్నికల సంఘం నియమం. ఒక ప్రభుత్వోద్యోగి రాత్రి వచ్చి, నీవు ఇక్కడ ఉంటున్నావా అని అడిగి, ఉన్నావని రాసుకుని వెళ్లడం! జైలు హాజరు పట్టీలో తప్ప మరెక్కడా పేరు లేని మనిషికి అది చిన్న విషయం కాదు.

యెహోషువ గ్రంథం 20వ అధ్యాయంలో ఆశ్రయపురముల ఏర్పాటు ఉంది. పొరపాటున ప్రాణం తీసినవాడు పారిపోయి వస్తే ఏం చేయాలో నాలుగవ వచనం చెబుతుంది. గవిని దగ్గర పెద్దలు అతని సంగతి వినాలి, లోపలికి చేర్చుకోవాలి, తమ మధ్య ఉండడానికి అతనికి స్థలమివ్వాలి. విచారణ రద్దు కాలేదు, సమాజం ముందు అతను నిలబడాల్సిందే. కానీ విచారణకు ముందే అతనికి ఒక చోటు ఉంది. మన చట్టం కూడా నిజానికి ఇదే అంటుంది. ఆచరణలో దగ్గరే తేడా.

ఆ తేడా ఎక్కువగా కనిపించేది జామీను దగ్గర. బెయిలు మంజూరైనా ఇద్దరు పూచీదారులు దొరక్క జైల్లోనే ఉండిపోయేవారు ఉన్నారు. పూచీదారు ఇంటిపన్ను రశీదో, పట్టాదారు పాసుపుస్తకమో, జీతం స్లిప్పో చూపాలి. కూలివాడికి అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు? 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో అతనికి 10,000 రూపాయల పూచీకత్తు విధించారు. పైగా అతని సోదరుడు, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉన్నాయని అతని జామీను తిరస్కరించారు. తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఒక తమిళుడో, మలయాళీయో, ఆంధ్రుడో దూరాన బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ అతనికి ఆస్తులున్న పూచీదారు ఎక్కడినుంచి వస్తాడని ప్రశ్నించారు. మోతీరాంను 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద విడుదల చేయమన్నారు. పని కోసం బెంగళూరు, ముంబై వెళ్లే పాలమూరు, శ్రీకాకుళం వలసకూలీల ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

తర్వాతి కాలంలో కొన్ని మార్పులు వచ్చాయి. బెయిలు ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని, నెల దాటినా పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. బెయిలు మొత్తం కట్టలేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్షాఖైదీకి 25,000 రూపాయల వరకు సాయం చేసే వీలు అప్పట్లో కల్పించారు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరాలను, ఒకటికి మించి కేసులున్నవారిని మినహాయిస్తే, మొదటిసారి ఆరోపణ ఎదుర్కొంటున్న విచారణ ఖైదీ ఆ నేరానికి గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపితే పూచీకత్తు మీద విడుదల చేయాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. న్యాయసేవల సంస్థ నంబరు 15100. జైలు పరిచర్యకు వెళ్లేవారు కొత్త నిబంధనతో పాటు ఈ నంబరు రాసిన చీటీ కూడా తీసుకెళ్లాలని మా మనవి.

సంఘంలో పూచీ మాట ఎత్తగానే ఎవరో ఒకరు సామెతల గ్రంథం తెరుస్తారు. పరుల కోసం పూటపడవద్దని సొలొమోను హెచ్చరించాడు కదా అంటారు. హెచ్చరిక నిజమే, దాన్ని దాటవేయకూడదు. కోర్టులో పూచీ అంటే మర్యాదకు పెట్టే సంతకం కాదు. ఆ మనిషి వాయిదాకు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు వస్తుంది, పూచీదారు ఆ సొమ్ము కట్టాల్సి రావచ్చు. ముఖపరిచయం మాత్రమే ఉన్నవారికి, పాస్టరుగారు చెప్పారు కదా అని, ఇంటిపన్ను రశీదు ఇచ్చేయమని మేము చెప్పం. కానీ లేఖనంలో మరో వైపు కూడా ఉంది. బెన్యామీను కోసం యూదా తండ్రి ఎదుట పూటపడ్డాడు. పౌలు తానే ఖైదులో ఉండి ఒనేసిము కోసం ఫిలేమోనుకు ఉత్తరం రాస్తూ, అతని బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని, తాను తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చాడు. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం యేసుక్రీస్తుకే పూటకాపు అనే పేరు పెట్టింది. ప్రతి ఆదివారం ఆ పూటకాపు పేరున కూడుకునే సంఘం, పూటపడడం తనకు సంబంధించని వ్యవహారం అనుకోవడం కుదరదు.

పూచీని కాపాడేది కూడా షెల్టరే అని గమనించాలి. వాయిదాకు రానివారంతా పారిపోయినవారు కాదు. తేదీ మరచిపోయినవారు, ఆ రోజు కూలి పోతుందని ఆగిపోయినవారు, బస్సు చార్జీ లేనివారు, లాయరు ఫోను నంబరు పోగొట్టుకున్నవారు వాళ్లలో ఎందరో. షెల్టరు గోడ మీద క్యాలెండరులో వాయిదా తేదీకి ఎర్ర సున్నా చుట్టి, ముందురోజు రాత్రి "రేపు కోర్టుందయ్యా, పనికి పోకు" అని గుర్తుచేసే కేర్‌టేకరు ఉంటే ఎన్నో వారంట్లు పుట్టకుండానే ఆగిపోతాయి. వినడానికి ఎంత చిన్న పనో!

ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. కిక్కిరిసిన గదుల్లో గడిపి వచ్చినవారిలో క్షయ ఉండవచ్చు. లోపల మొదలుపెట్టిన మందులు విడుదలతో ఆగిపోతే జబ్బు మొండికేస్తుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తున్నారు, అయితే అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. మళ్లీ ఖాతా, మళ్లీ చిరునామా. ఇక తాగుడు. లోపల బలవంతంగా మానినవాడు బయటికి వచ్చిన మొదటి వారంలోనే తూలుతూ షెల్టరుకు వస్తే కేర్‌టేకరు లోపలికి రానివ్వడు. రానిస్తే మిగతావారికి నిద్ర ఉండదు. రానివ్వకపోతే అతను వీధిలో పడతాడు. ఈ చిక్కుకు సులువైన జవాబు మా దగ్గర లేదు. రాత్రికి బయట వరండాలో చోటిచ్చి, తెల్లారాక మాట్లాడే కేర్‌టేకర్లు ఉంటారు. నియమం తెలిసి, మనిషిని కూడా ఎరిగినవారు వాళ్లు. టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు.

స్త్రీల పరిస్థితి ఇంకా కష్టం. మగవాడు జైలుకెళ్తే భార్య ఎదురుచూస్తుంది, తల్లి ఎదురుచూస్తుంది. ఆడది జైలుకెళ్లి వస్తే పుట్టింటి తలుపు, మెట్టినింటి తలుపు రెండూ మూసుకోవడం చూస్తాం. స్త్రీల కోసం విడిగా నడిచే షెల్టర్లు తక్కువ. పిల్లల్ని ఎవరో బంధువులు పెంచుతుంటారు, వాళ్లను చూడనివ్వరు. మన స్త్రీల సమాజాలు చేపట్టదగిన పని ఏదైనా ఉందంటే ఇదే అని మా అభిప్రాయం.

ఇక్కడ ఆగి చరిత్రలోకి ఒకసారి చూడాలి. ఆశ్రయం, కాపలా ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి మరొకటిగా మారిపోవడం సులువు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం మన తెలుగు క్రైస్తవులు మరవకూడని పేరు. 1910ల్లో మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడికి తెచ్చి స్థిరపరిచింది, నడిపే బాధ్యతను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. బడి వచ్చింది, వైద్యం వచ్చింది, చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని దొరికింది. కానీ హాజరు పట్టీ ఉండేది, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటి వెళ్లకూడదు. ఏ నేరమూ చేయని పిల్లవాడు కూడా ఆ తెగలో పుట్టినందుకు ఆ చట్టం కిందికి వచ్చేవాడు. చట్టం 1952లో దేశమంతటా రద్దయింది, ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం దశాబ్దాలు వెంటాడింది. 1970ల్లో ఆ ఊరి మనుషుల మధ్యకు వెళ్లి, జైలుకెళ్లి వచ్చినవారితో కూర్చుని, కొత్త జీవితం వైపు నడిపించినవారిలో హేమలతా లవణం, లవణం దంపతులు ముఖ్యులు. ఆమె "క్రీస్తు చరిత్ర" కావ్యం రాసిన గుర్రం జాషువాగారి కుమార్తె, ఆయన నాస్తికుడైన గోరాగారి కుమారుడు. ఆ పని వాళ్ల చేత జరిగిందని సంతోషించడానికి మనకేమీ అడ్డం లేదు.

ఈ చరిత్ర నుంచి తీసుకోవలసింది ఒకటుంది. షెల్టరు రెండో జైలు కాకూడదు. తలుపు లోపలినుంచి తెరుచుకోవాలి. మనిషి పనికి వెళ్లి రావాలి, డబ్బు తన దగ్గరే ఉండాలి, వెళ్లిపోవాలనుకుంటే వెళ్లిపోగలగాలి. ఆరాధనకు వస్తేనే భోజనం, బాప్తిస్మం తీసుకుంటేనే మంచం అనే షరతు ఆశ్రయానికి ఉండకూడదు. ఆకలి మీద వచ్చిన ఒప్పుకోలు ఎంతకాలం నిలుస్తుందో మన కాపరులకే బాగా తెలుసు.

దీనికి దగ్గరగానే మరో అలవాటు ఉంది, చెప్పక తప్పదు. జైలు నుంచి వచ్చినవాడు సంఘానికి రావడం మొదలుపెట్టిన నెలలోపే అతన్ని ఉజ్జీవ సభల వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించే అలవాటు. పోస్టరు మీద "మాజీ ఖైదీ" అని పేరు, ఫొటో. సభికులు కన్నీళ్లు పెడతారు, ఎవరో ఫోనులో తీసి పెడతారు. సోమవారం అతను పనికి వెళ్తే కాంట్రాక్టరు ఆ వీడియో చూసి ఉంటాడు. ఇంటి ఓనరు చూసి ఉంటాడు. కేసు ఇంకా నడుస్తుంటే, వేదిక మీద భావోద్వేగంలో అన్న మాటలు కోర్టులో అతనికి ఎదురు రావచ్చు. అతని వల్ల నష్టపోయినవారు ఎక్కడో ఆ చప్పట్లు వింటూ ఉండవచ్చు. సాక్ష్యం అతనిది, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నిర్ణయించేది అతనే. కనీసం కొన్నేళ్లు ఆగితే సువార్తకు వచ్చే నష్టమేమీ లేదు. తార్సువాడైన సౌలు మారాడని యెరూషలేము శిష్యులు నమ్మనప్పుడు బర్నబా అతన్ని దగ్గరకు తీసి, అపొస్తలుల దగ్గరికి స్వయంగా తీసుకెళ్లాడు. పరిచయం చేయడం వేరు, ప్రదర్శనకు పెట్టడం వేరు.

విశ్వాసుల భయాన్ని కూడా తోసిపుచ్చలేం. "మా ఇంట్లో ఆడపిల్లలున్నారు" అనే తల్లి మాటలో విశ్వాసలోపం లేదు. పిల్లల మీద నేరం చేసి శిక్షపడినవారికి సండే స్కూలులో, పిల్లల క్యాంపుల్లో ఏ పనీ ఇవ్వకూడదు, ఎంత మారినా ఇవ్వకూడదు. ఆ విషయం కాపరికి, ఇద్దరు పెద్దలకు తెలిసి ఉండాలి. బాధితుల కుటుంబం అదే సంఘంలో ఉంటే అతన్ని వేరే సంఘానికి పంపి అక్కడి కాపరితో మాట్లాడడం మేలు. బాధితుణ్ని పక్కకు జరగమని చెప్పి నేరస్థుడికి చోటివ్వడం కృప అనిపించుకోదు. ఈ జాగ్రత్తలు పాటిస్తూనే, మిగతా వందమందిని అదే అనుమానంతో చూడకుండా ఉండవచ్చు. దొంగతనం కేసులో వచ్చిన కుర్రవాడిని కానుకల సంచి పట్టమననక్కర్లేదు. కుర్చీలు సర్దమనవచ్చు, భోజనానికి పిలవవచ్చు.

పని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికీ తెలిసిందే. పోలీసు వెరిఫికేషను అడిగే సెక్యూరిటీ, డెలివరీ ఉద్యోగాలు వీరికి దాదాపు మూసుకుపోతాయి. లేబరు అడ్డా మీద కూలి మాత్రం ఎవరూ గతం అడగరు. తెలంగాణ జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతూ వాటిలో విడుదలైనవారికి కూడా పని ఇచ్చింది. ఒక ప్రభుత్వ శాఖ తన ఖైదీని నమ్మి డబ్బు లెక్కపెట్టే పనిలో నిలబెట్టగలిగినప్పుడు, సంఘంలో వెల్డింగు షాపు, టిఫిను సెంటరు, సెంట్రింగు కాంట్రాక్టు ఉన్న అన్నలు ఒక్కొక్కరిని తీసుకోవడం అసాధ్యం కాదు. కూలి మాత్రం బజారు రేటు ఇవ్వాలి. "చేరదీశాం కదా" అని సగం కూలి ఇస్తే అది యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోకి వస్తుంది.

ఇక సంఘం ఎక్కడ మొదలుపెట్టాలి? సొంతంగా షెల్టరు కట్టాలనే ఆలోచన వెంటనే వస్తుంది, కమిటీ పడుతుంది, శంకుస్థాపన రాయి కూడా పడుతుంది. దయచేసి అక్కడ మొదలుపెట్టవద్దు. మీ పట్టణంలో ఇప్పటికే ఒక షెల్టరు ఉండే అవకాశం ఉంది. మునిసిపల్ ఆఫీసులో అడిగితే ఎక్కడో చెబుతారు. ఒక సాయంత్రం ఇద్దరు వెళ్లి కేర్‌టేకరుతో మాట్లాడండి. పాట, ప్రసంగం ఏమీ వద్దు. ఏం కావాలో అడగండి. తాళం పడే పెట్టెలు అంటారేమో, దోమతెరలు అంటారేమో, కోర్టుకు తోడు వెళ్లే మనిషి అంటారేమో. సంఘంలో ఒక లాయరు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక నర్సు ఉంటారు, నెలకు ఒక్కో సాయంత్రం ఇవ్వగలరు. జైలు పరిచర్యకు వెళ్లే బృందం ఆ షెల్టరు చిరునామా తెలుసుకుని ఉంటే, విడుదల తేదీ దగ్గరపడ్డవారికి ముందే చెప్పవచ్చు. ఆ సాయంత్రం గేటు దగ్గర ఒకరు నిలబడి ఉండవచ్చు. పేరు పెట్టి పిలిచి, ఆటో ఎక్కించి, షెల్టరు దాకా తీసుకెళ్లి, అన్నం తిన్నాడో లేదో చూసి రావడానికి రెండు గంటలు పడుతుంది.

నాలుగైదు నెలలకు, అన్నీ కుదిరితే, ఆ మనిషి అద్దె గది చూసుకుంటాడు. అడ్వాన్సు కూడబెట్టుకుని ఉంటాడు. ఇంటి ఓనరు "మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారు ఈ ఊళ్లో?" అని అడుగుతాడు. అప్పుడు చెప్పడానికి అతనికి ఒక పేరు, ఒక ఫోను నంబరు కావాలి. గదికి మారే రోజు ఒక చాప, ఒక బకెట్టు, ఒక స్టవ్వు కావాలి. షెల్టరులో అతని మంచం ఖాళీ అవుతుంది. కేర్‌టేకరు దుప్పటి ఉతికి ఆరేస్తాడు, సాయంత్రానికి దాని మీదికి ఇంకొకరు వస్తారు.